పై వాటా బీన్స్ వేపుడు

పై వాటా అమ్మాయి మీద నాకు అసూయ ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అప్పట్లో మాత్రం దానికి మర్యాదైన పేర్లు చాలా పెట్టుకున్నాను. అద్దెకున్నవాళ్ళతో ఎంతలో ఉండాలో అంతలోనే ఉండాలని మా ఆయనకు క్లాసు పీకాను. నిజానికి నన్ను కాల్చుకు తిన్నది ఒక స్టీలు గిన్నెడు బీన్స్ వేపుడు.

లాల్‌దర్వాజాలో మా ఇల్లు గల్లీ చివర ఉంటుంది. కింద నేను, మా ఆయన, అత్తమ్మ. పైన ఒక గది, చిన్న వంటిల్లు, రేకుల వరండా. అందులోకి పోయినేడు కాకినాడ నుంచి కొత్తగా పెళ్ళయిన జంట దిగింది. అబ్బాయికి కంచన్‌బాగ్‌లో ఉద్యోగం, అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది. వచ్చిన మూడో రోజు "అక్కా, కాస్త పెరుగు తోడు ఉందాండీ?" అంటూ కిందికొచ్చింది. ఇచ్చాను. అంతవరకు బాగానే ఉంది.

నెల తిరక్కుండానే ఒక సాయంత్రం మూత పెట్టిన గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్ళింది. బీన్స్ వేపుడు. మా ఆయన అన్నంలో కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడు. తర్వాత గిన్నెను మొత్తం తన కంచంలోకి వంపుకున్నాడు. పొద్దున ఐదింటికి లేచి నేను చేసిన వంకాయ కూర వైపు కన్నెత్తి చూడలేదు.

"మస్తు చేసింది," అన్నాడు చివరికి వేళ్ళు నాకుతూ.

ఇరవై రెండేళ్ళ కాపురంలో నా వంటకు ఆయన ఇచ్చిన అతి పెద్ద బిరుదు "ఉప్పు సరిపోయింది". నాకు ఒళ్ళు మండింది. అత్తమ్మ వైపు చూశాను. డెబ్బై ఐదేళ్ళ మనిషి, గుప్పెడు మెతుకులు కూడా బతిమాలితే గాని తినదు. ఆమె కూడా వేపుడు నోట్లో వేసుకుని నెమ్మదిగా నములుతోంది.

"ఎట్లున్నది అత్తమ్మా?"

"నూనె జర ఎక్కువైంది," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ వారమంతా బతికాను.

గిన్నెలు ఆగలేదు. వారానికోసారి, ఒక్కోసారి రెండుసార్లు వచ్చేవి. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదు కాబట్టి నేనూ ఊరుకోలేదు. వేపుడుకు గారెలు పంపాను. మళ్ళీ వేపుడొస్తే ఆదివారం పూట నడుం విరిగేలా భక్ష్యాలు చేసి పంపాను. "లొట్టలేసుకుంటూ తిన్నామండీ అక్కా!" అని మేడమీంచే అరిచింది. ఆ మెచ్చుకోలు విని కూడా కుళ్ళుకున్నాను.

ఇక లాభం లేదని నేనే రంగంలోకి దిగాను. మీరాలం మండికి పోయి లేత బీన్స్ ఏరి తెచ్చాను. మామూలుగా నేను వాటిని కుక్కర్లో ఒక్క కూత రానిచ్చి, నీళ్ళు వంచేసి, తాలింపు వేస్తాను. తొమ్మిదిన్నరకు ఆఫీసులో కూర్చోవాల్సిన నాకు అంతకంటే తీరిక ఎక్కడిది? ఈసారి నువ్వులు, ఎండుమిరపకాయలు వేయించి ఎల్లిపాయతో దంచి చల్లాను, ఆ అమ్మాయి వేపుడులో అవే తగిలేవి మరి. మా ఆయన ఒక ముద్ద తిని, "ఏంది, పచ్చగడ్డి నానబెట్టినవా?" అన్నాడు. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నాలుగో రోజు మెట్ల దగ్గర ఆ అమ్మాయిని పట్టుకున్నాను. "మీ దిక్కు బీన్స్‌ల నువ్వులు ఏస్తరా?"

"వేస్తామండీ... అంటే, వేయం. ఇక్కడికొచ్చాకే అలవాటైందక్కా," అని తడబడి, పాలు పొంగుతున్నాయని పైకి పరుగెత్తింది. కిటుకు దాచుకుంటోందని పళ్ళు నూరుకున్నాను.

ఇంతలో అత్తమ్మకు మేడ మీద మక్కువ పుట్టిందని నా కంటబడింది. మోకాళ్ళు పట్టేసిన మనిషి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి, "ఎండకు కూసుంట బిడ్డా," అనేది. "ఆ పిల్ల మంచిది," అని ఒకసారి, "నవ్వుతనే ఉంటది," అని ఇంకోసారి. వినలేకపోయేదాన్ని. ఈమె తలకు నూనె రాసేది నేను, మందులు గుర్తు చేసేది నేను, ఈమెతో గ్లాసు కూడా ఎత్తించనని ఆఫీసులో గొప్పలు చెప్పుకునేది నేను. ఈ ఇంట్లో అందరికీ నా చేతి వంటే వంట కావాలి, అత్తమ్మకు నా తర్వాతే ఎవరైనా కావాలి. నా ఆశ అంతే. అది మెట్లెక్కి పైకి పోతోందని భయం పట్టుకుంది.

ఒక రోజు ఆఫీసులో కరెంటు పోయి ఎంతకీ రాక మధ్యాహ్నమే పంపేశారు. ఇంటికొస్తే తలుపు దగ్గరికి వేసి ఉంది, అత్తమ్మ లేదు. పైనుంచి ఎల్లిపాయ వాసన, దాంతోపాటు నవ్వు. పకపకా నవ్వుతున్నది అత్తమ్మ. ఆ గొంతులో ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. చెప్పులు కిందే వదిలి పైకెక్కాను.

గ్యాసు పొయ్యి నేల మీద ఉంది. దాని ముందు పీట మీద అత్తమ్మ, చేతిలో అట్లకాడ. మూకుడు మీద పళ్ళెం, పళ్ళెంలో నీళ్ళు. ఎదురుగా ఆ అమ్మాయి గడ్డం మోకాళ్ళ మీద ఆనించి కూర్చుంది.

"ఇప్పుడు తీయమంటారా మామ్మగారూ?"

"ఆగు, నీకన్నీ తొందరనే. మీది నీళ్ళు కాగాలె, లోపట కూరల మాత్రం చుక్క పడొద్దు. పడ్డదంటె గడ్డే."

నన్ను చూసి ఆ అమ్మాయి లేచి నిలబడింది. "అక్కా, మామ్మగారే చెప్పొద్దన్నారండీ. మీరు బాధపడతారని."

అత్తమ్మ మాత్రం పీట మీంచి కదల్లేదు. "కొడుక్కు నా చేతి కూర పెట్టి ఎన్నేండ్లాయె. నీ గట్టు కాడ నేను నిలబడలేను బిడ్డా. ఏదన్న ముడితె నువ్వు గుంజుకుంటవు. ఈ పిల్లేమో ఎట్ల చెయ్యాలె అని అడిగింది, నాకోసం పొయ్యి కింద పెట్టింది. నువ్వెన్నడన్న అడిగినవా?"

అడగలేదు. కొత్త కోడలిగా వచ్చిన వారానికే ఆమె చేతిలోంచి గరిటె తీసుకున్నాను. జీతం చేతికందగానే నిలబడి వండే గ్రానైటు గట్టు కట్టించాను. అదంతా సేవ అనుకున్నాను. ఇన్ని నెలలూ నా మొగుడు వేళ్ళు నాకింది తన తల్లి వంటకే అని తెలిశాక కూడా నా అసూయ తగ్గలేదు. రెట్టింపైంది. కూర సంగతి అలా ఉంచండి, ఆ నవ్వు ఆ పిల్లకెందుకు దక్కాలి?

ఆ సాయంత్రం సిగ్గు విడిచి అడిగాను. "అత్తమ్మా, నాక్కూడ నేర్పరాదు?"

"ఎల్లుండి ఐతారమే గదా. పైకి రా."

"మన వంటింట్లనే చేద్దాం. నేను గుడ పొయ్యి కింద పెడ్త."

"వద్దు బిడ్డా, అది నీ వంటిల్లు. పైకి రా."

ఆదివారం పొద్దున కిలో బీన్స్ పట్టుకుని, నా ఇంటి మెట్లే నేనెక్కి, అద్దెకున్న పిల్ల గడప ముందు నిలబడ్డాను. ఆమె సంతోషంగా పక్కకు జరిగి చోటిచ్చింది. అత్తమ్మ ఇద్దరి ముందూ చెరో గుప్పెడు బీన్స్ పోసింది. ఇద్దరం కోస్తున్నాం. కాసేపు నా చేతుల వైపు చూసి అత్తమ్మ నిట్టూర్చింది.

"గింత దొడ్డుగ కోస్తరా? ఆ పిల్లను చూసి నేర్సుకో."