అంకారావు బాగుందన్న రోజు

అంకారావుకు బీపీ లేదు, షుగరు లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. తనదేదైనా సరే, బాగుందని చచ్చినా ఒప్పుకోడు. ఆ మాట నోరు దాటిందంటే పదిమంది కళ్లూ పడి దిష్టి తగులుతుందని ఆయన గట్టి నమ్మకం. సత్తెనపల్లి దగ్గర ఎర్రగుంటపాలెంలో దిష్టికి జంకని రైతు లేడనుకోండి. కానీ అంకారావు భయం ముందు మిగతావాళ్లవి అసలు భయాలే కావు.

పెళ్లిచూపుల్లో "పిల్ల నచ్చిందా?" అని పెద్దలు అడిగితే "ఏదోలెండి, సర్దుకుంటాను" అన్నాడట. ఆ ముక్క సాయిలక్ష్మి ఇప్పటికీ మర్చిపోలేదు. గోంగూర మూడోసారి వడ్డించుకుంటూ "ఇవాళ కుదర్లేదే" అంటాడు. ఒకసారి కళ్లజోడు కోసం ఆస్పత్రికి వెళితే డాక్టరు మర్యాదకి "ఎలా ఉన్నారు?" అన్నాడు. "ఏముందండీ, ఇవాళో రేపో" అన్నాడు అంకారావు. కళ్లజోడు సంగతి వదిలేసి గుండె పరీక్షలన్నీ చేసి పంపారు.

ఊరికి ఇదంతా అలవాటే. అంకారావు పైరు పోయిందన్నాడంటే ఈ ఏడు ఆయనకు గోనెసంచులు చాలవని అర్థం. చిక్కల్లా ఏఐ వచ్చాక మొదలైంది.

దాన్ని తెచ్చింది మహిమ. డిగ్రీ చదివి ఊళ్లోనే ఉండి రైతు సంఘం పనులు చూస్తోంది. ఊళ్లో పండింది ఊరివాళ్ల చేతుల మీదుగానే అమ్ముడుపోవాలని సంఘం పట్టుదల. ఎవరి కళ్లంలో ఏ సరుకుంది, ఎవరి కారం మిల్లు ఖాళీగా ఉంది, ఎవరి ఆటో ఊరికే నిలబడి ఉంది, అన్నీ ఫోన్లోని ఏఐ తెలుగులోనే అడిగి తెలుసుకుంటుంది. బయటినుంచి ఆర్డరు రాగానే ఎవరి సరుకు వెళ్లాలో చెబుతుంది. గొంతు ఆడపిల్లది కాబట్టి ఊరు దానికి ఫోనమ్మాయి అని పేరు పెట్టేసింది.

మొదటిరోజు సంఘం అరుగు మీద అందరూ చుట్టూ కూర్చుని వింటుండగా అది అంకారావును పలకరించింది.

"నమస్కారం అంకారావు గారూ, మీ మిరప పైరు ఎలా ఉందండీ?"

"పోయిందమ్మా."

"అయ్యో. ఎంతవరకు పోయిందండీ?"

"మొత్తం. గొడ్లు కూడా మూతి పెట్టవు."

"ఏదైనా తెగులు కనిపించిందా?"

"లేని తెగులేదో చెప్పు, వెతుకుతాను!"

జనం పడీపడీ నవ్వారు. ఫోనమ్మాయికి నవ్వు రాదుగా. తెల్లారేసరికి చుట్టుపక్కల రైతులందరికీ కబురు పెట్టేసింది: అంకారావు చేలో అన్ని తెగుళ్లూ ఉన్నాయి, జాగ్రత్త పడండి. పొరుగూళ్లవాళ్లు ఆటోలు కట్టుకుని వచ్చారు. చర్చి పెద్ద జక్రయ్య పాపం కంగారుపడి ప్రార్థన బృందాన్ని గట్టు మీదికి తోలుకొచ్చాడు. వచ్చినవాళ్లు చూద్దురు కదా, నడుమెత్తు పైరు, కొమ్మ వంగిపోయేంత కాపు!

"దేనికి ప్రార్థన చెయ్యాలి అంకారావూ? పోవాలనా, ఉండాలనా?" అన్నాడు జక్రయ్య అయోమయంగా.

"వచ్చారుగా, ఏదో ఒకటి కానీండి" అని అంకారావు కూడా తువ్వాలు దులుపుకుని మోకరిల్లాడు.

మహిమకు తల తిరిగిపోయింది. ఏ పుస్తకంలోనూ ఇలాంటి రైతు గురించి రాయలేదు. ఆలోచించి ఆలోచించి ఫోనమ్మాయికి ఒక్క ముక్కలో చెప్పింది. "అంకారావు బాబాయ్ ఏం చెప్పినా తిరగేసుకో."

"అర్థమైందండి. ఆయన మాటను వ్యతిరేకంగా తీసుకుంటాను."

అప్పటినుంచి దారిలో పడింది. ఆయన "చెత్త" అనేవాడు, అది "శ్రేష్ఠం" అని రాసుకునేది. ఇక ఈయనతో బెడద తీరిందని మహిమ మురిసిపోయింది.

కోతలయ్యాక గుంటూరులో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు ఎర్రటి కాయలు కావాలని కబురు చేశారు. వాళ్ల తరఫున త్రినాథ్ వ్యాను వేసుకుని వచ్చాడు. ఒక కళ్లంలోని సరుకే పడుతుంది. ఆకాశం చూస్తే మబ్బు పట్టి ఉంది. ఎండబోసిన కాయ తడిస్తే రంగు పోతుంది, రంగు పోతే అడిగేవాడుండడు. అందరూ అరుగు దగ్గర మూగారు.

"అంకారావు గారి కాయలు పంపాలండి" అంది ఫోనమ్మాయి. "సిద్దికా గారివి పనికిరావు."

సిద్దికా ముఖం పాలిపోయింది. మొగుడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటే, మొదటిసారిగా తనే పొలం కౌలుకు తీసుకుని ఒంటిచేత్తో పండించింది. ఈ కాయలు సంఘం ద్వారా పోకపోతే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇస్తానని ఆసామి ముందే చెప్పాడు.

"పనికిరావా? నా కాయలా?" అంది.

ఎవరూ బదులిచ్చేలోపే అంకారావు లేచాడు. "నావొద్దు! అన్నీ తాలు కాయలే!"

"తాలు కాయలు లేవని అంకారావు గారు చెప్పారండి" అంది ఫోనమ్మాయి.

"రంగు లేదు, ఘాటు లేదు!"

"రంగు, ఘాటు రెండూ ఉన్నాయన్నారు. ధన్యవాదాలండి."

అంకారావు జుట్టు పీక్కున్నాడు. ఎంత తిడితే అంత పైకి పోతున్నాయి ఆయన కాయలు.

మహిమ ఫోను అందుకుంది. "సిద్దికక్క కాయలు పనికిరావని నీకెవరు చెప్పారు?"

"అంకారావు గారేనండి."

అరుగంతా భగ్గుమంది. తన సరుకును తిట్టుకోవడం సరే, పక్కవాళ్ల కడుపు కొట్టడమా? సిద్దికా ఆయన వైపు చూసిన చూపు మహిమ చూడలేకపోయింది.

"ఏమన్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది.

"మొన్న పొలం నుంచి ఫోన్ చేశారండి. 'సిద్దికా కాయలు ఊరికంతటికీ మేలైనవి, రంగు చూస్తే కళ్లు చెదురుతున్నాయి. వానొచ్చేలోపు ముందు ఆ పిల్లవి పంపు, నావి తర్వాత చూసుకోవచ్చు' అన్నారు. మీరు చెప్పినట్టే తిరగేసుకున్నాను."

అందరి తలలూ ఒక్కసారిగా ఆయన వైపు తిరిగాయి. అంకారావు దొంగలా దొరికిపోయి పైకప్పు వైపు చూస్తున్నాడు.

"బాబాయ్, మీరు... బాగుందన్నారా?" అంది మహిమ.

"దానికి కళ్లు లేవుగా అమ్మాయ్. కళ్లు లేనిదానికి దిష్టెక్కడిది? అందుకని ధైర్యం చేశాను."

త్రినాథ్ బుర్ర గోక్కున్నాడు. "అయ్యా, నాకేం అర్థం కావట్లేదు. ఇంతకీ ఆమె కాయలు ఎలా ఉన్నాయి? మీ నోటితో చెప్పండి."

అంకారావు నుదుట చెమట పట్టింది. చుట్టూ అన్నీ కళ్లే. సిద్దికా వైపు చూశాడు.

"బాగున్నాయి" అన్నాడు.

"అయ్యో తల్లీ, అంత పాడైపోయాయా!" అని జక్రయ్య గుండెల మీద చెయ్యేసుకున్నాడు.

"నిజంగా బాగున్నాయయ్యా!"

"నిజంగా అంటున్నాడు, ఇక ఆశ లేనట్టే" అన్నారెవరో వెనకనుంచి.

ఇలా లాభం లేదని మహిమ అందరినీ సిద్దికా కళ్లానికి నడిపించింది. త్రినాథ్ గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాడు. గలగలమన్నాయి. ఒకటి విరిచి వాసన చూసి మూడు తుమ్ములు తుమ్మాడు. నాలుగో తుమ్ముకి ఆగకుండానే సంచులకెత్తమన్నాడు. సిద్దికా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మరి మన కాయలు తడిస్తేనో?" అంది సాయిలక్ష్మి, మొగుడి పక్కన చేరి.

"మనవాటిలో తడిసి పాడవడానికేముందే, అసలే చెత్త. పట్టా కప్పుదాంలే."

సాయిలక్ష్మి మూతి తిప్పింది గానీ, నవ్వు మాత్రం దాగలేదు.

సంచులన్నీ వ్యానెక్కాక అంకారావు హడావిడిగా ఇంటికెళ్లి కల్లుప్పు, ఎండుమిరపకాయలు, ఓ మూకుడులో నిప్పులు పట్టుకొచ్చాడు. ఇంతమందిలో బాగున్నాయనేశాడాయె, దిష్టి తియ్యొద్దూ! వ్యాను చుట్టూ మూడుసార్లు తిప్పాడు.

"మిరగ్గాయలకి మిరగ్గాయలతో దిష్టేంటి బాబాయ్?" అంది సిద్దికా నవ్వాపుకోలేక. "నా సంచిలోవే తీసుకోవాల్సింది."

"నీవి ఒక్క కాయ కూడా తగ్గకూడదమ్మా. ఇవి నావి" అని నిప్పుల్లో వేశాడు.

దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఒక్క క్షణంలో కళ్లం కళ్లమంతా దగ్గు అందుకుంది. త్రినాథ్ స్టీరింగు మీద వాలిపోయి దగ్గాడు. జక్రయ్య దగ్గుతూనే స్తోత్రం చెప్పాడు.

మహిమ కూడా దగ్గింది. చెంపల మీది నీళ్లు ఘాటువో కావో ఆమెకే తెలియలేదు. ఫోను నోటి దగ్గరికి తీసుకుంది.

"ఇదిగో, నేను చెప్పిన పద్ధతి మార్చుకో. అంకారావు బాబాయ్ తన గురించి చెబితే తిరగేసుకో. పక్కవాళ్ల గురించి చెబితే, ఉన్నది ఉన్నట్టు నమ్ము."