డబ్బాలో అమ్మ

టైలరమ్మకి తల్లి మొహం తెలీదు. పురిట్లోనే పోయిందావిడ. ఫోటో అంటారా, ఒక్కటీ లేదు. ఉన్నదల్లా బీరువా అడుగున ఓ గుండ్రటి రేకు డబ్బా. పసితనంలో ఏడ్చినప్పుడల్లా నాన్న దాన్నే చూపించేవాడు.

"అమ్మ అందులోనే ఉంది తల్లీ."

నాన్న సినిమా హాల్లో ఆపరేటరు. అప్పట్లో ఓ పేరుమోసిన డిటెక్టివ్ నవలని మూకీగా తీస్తే, అమ్మ అందులో పనమ్మాయి వేషం వేసింది. హంతకుడెవరో ముందే బయటికి పొక్కితే హాలు ఖాళీ అవుతుందని యజమాని భయం. అందుకని ఆఖరి రీలు అక్కడ ఉంచనిచ్చేవాడు కాదు. ఆట అవ్వగానే నాన్న దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చెయ్యాల్సిందే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ చాదస్తమే దాన్ని బతికించింది. హాలు తగలబడినప్పుడు తక్కిన రీళ్ళన్నీ బూడిదైపోయాయి. ఇంకెక్కడా ఆ సినిమా మిగల్లేదు.

డబ్బా తెరవొద్దనేవాడు నాన్న, నిప్పు తగిలితే భగ్గుమంటుందని. ఆయన పోయాక కూడా టైలరమ్మ తెరవలేదు. అప్పుడప్పుడూ మిషను నూనె గుడ్డతో తుడిచి పెట్టేది. నవ్వకండి, మీ అమ్మ ఫోటో మీ గోడమీద ఉండుంటుంది.

ఆవిడ జుట్టు పూర్తిగా నెరిశాక, పాత సినిమాలు వెతికేవాళ్ళు ఆరా తీసుకుంటూ వచ్చారు. బాగుచేసి తెరమీద చూపిస్తామన్నారు. ఆవిడ బీరువాలోంచి డబ్బా తీసి ఇచ్చేసింది. పిలిచిన రోజున తను కుట్టుకున్న కొత్త బట్టలు వేసుకుని వెళ్ళి, ముందు వరసలో కూర్చుంది.

తెర వెలిగింది. ఓ పెద్ద గది, కుర్చీల్లో జనం, మధ్యలో డిటెక్టివు. ఆడవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురి మొహాలూ వెతికింది. ఎవరికీ తన ముక్కు లేదు. వీళ్ళలో పనమ్మాయి ఎవరని, పక్కన కూర్చున్న ఆ సినిమాలవాళ్ళ ఉద్యోగినిని అడిగింది. నవల చదివే తీరిక టైలరమ్మకి ఎప్పుడు దొరికింది గనక!

ఆ ఉద్యోగిని గొంతు తగ్గించి చెప్పింది. "పనమ్మాయిని మొదటి రీల్లోనే చంపేస్తారండీ. వీళ్ళంతా మాట్లాడుకునేది ఆ పిల్ల గురించే."

"ఓహో," అంది టైలరమ్మ. ఏడుపు రాలేదు. నాన్నమీద కోపమైనా రాలేదు. చేతులు రెండూ ఎవరివో అన్నట్టు ఒళ్ళో పడున్నాయి.

తెరమీద డిటెక్టివు జేబులోంచి చచ్చిపోయిన పిల్ల ఫోటో తీశాడు. టైలరమ్మ ముందుకి వంగింది. అతను దాన్ని కుర్చీల్లో ఉన్న ఒక్కొక్కరి మొహం ముందూ పెట్టాడు. అందరూ చూశారు, చూసి తలలు దించుకున్నారు. ఇటువైపు కనిపించింది అట్ట వెనక తెలుపే.

ఫోటో ఇటు తిప్పకుండానే మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.