తక్కువ వైరు బేరం

మాది బట్టల దుకాణం. గిరాకీ నోరు తెరవకముందే ఎంతకు ఒప్పుకుంటాడో చెప్పగలిగేవాణ్ని. ఎంసీఏ చదివి నారాయణఖేడ్ తిరిగొచ్చేసరికి ఆ తెలివికి కంప్యూటర్ కూడా తోడైంది. ఇక నన్ను పట్టేవాడు లేడనుకున్నాను.

రెండువేల ఏడు ప్రాంతంలో నా దోస్తు రేడియో రిపేరు మానేసి కేబుల్ టీవీ పెట్టాడు. కల్హేర్ దారిలో కొత్తగా లేచిన వాడకు లైను వేయాలి. ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వైరు లాగాలో నేను చెబుతానని ఎగబడ్డాను. దూరాలు టేపుతో కొలిచి, కాగితం మీద మినిమం స్పానింగ్ ట్రీ, అంటే అతి తక్కువ వైరుతో అన్ని ఇళ్లనూ కలిపే కొమ్మల చెట్టు, గీశాను. పద్ధతి సులువు. అన్నిటికన్నా పొట్టి ముక్కతో మొదలుపెట్టి పొట్టివే ఏరుకుంటూ పోవాలి. ఇప్పటికే కలిసిన ఇళ్లను మళ్లీ కలిపే ముక్కను వదిలేయాలి. ఇంతకన్నా తక్కువ వైరుతో వాడను కలపడం ఎవరివల్లా కాదు. తెచ్చిన వైరు కట్టలో సగం మిగిలితే బజారంతా చెప్పుకున్నాను.

నెల తిరగకముందే ఆఖరి ఇంట్లో మిషన్ కుట్టే అక్క మా ఇద్దరినీ పిలిచింది.

"తమ్మీ, గీ టీవీల మనుషులున్నరా, జొన్నలు చల్లిండ్రా?"

తెర నిండా చుక్కలే. దోస్తు సిగ్నల్ బూస్టరు పెంచాడు. చుక్కలు ఇంకా బాగా కనిపించాయి.

"శుక్రారం డిష్షాయనను రమ్మన్న. మా వరుసల ఆరిండ్లోళ్లు గూడ నా ఇంట్ల చూసి పెట్టుకుంటరట," అందామె.

దోస్తు బయటికొచ్చి గోడకు ఆనుకున్నాడు. "ఆరిండ్లు వోతే వాడంత వోతది. నేను మళ్ల రేడియోలకు పోవాలె. రేడియోలు ఇప్పుడు ఎవని దగ్గరున్నయ్ సేటూ?"

నేను వైరు వెంట వెనక్కి నడిచాను. ఖాళీ ప్లాట్ల మీదుగా చూస్తే సిగ్నల్ బయల్దేరే మా కేబుల్ గది ఆమె ఇంటికి కనబడేంత దగ్గర. నా వైరు మాత్రం పదకొండు ఇళ్లు చుట్టి, ప్రతి ఇంటి దగ్గరా కొంత సిగ్నల్ పంచిపెట్టి, ఆమెకు మిగిలింది ఇస్తోంది. మొత్తం వైరుకు బేరమాడాను. ఆమె దారి ఎంత పొడుగో అడగనే లేదు.

"గది నుంచి ఒక్కో ఇంటికి దగ్గరి దారి చూసే లెక్క ఇంకోటున్నది. షార్టెస్ట్ పాత్," అన్నాను తిరిగొచ్చి దోస్తుతో.

"మరి ఆ లెక్క ముందే ఎందుకు చెయ్యలే?"

"వైరు ఎక్కువ పడతది."

"వైరు ఎవనిది?"

"నీదే."

"మరి నీకేం నొప్పి?"

తక్కువకు తెస్తేనే గొప్ప అనుకునే ఇంట్లో పెరిగాను. కానీ ఆ వాడను డిష్‌కు వదలకూడదనుకున్నాను. మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని మళ్లీ వీధిలో దిగాను. బొమ్మ బాగున్న ఇళ్లకు పాత చెట్టే ఉంచుదాం, దగ్గరి దారికన్నా మరీ పొడుగైన చోట మాత్రం తెంపి కొత్తది లాగుదాం అన్నాను.

"మరీ అంటే ఎంత?" అన్నాడు దోస్తు.

"రెండింతలు దాటితే."

"ఒకటిన్నర."

"ఒకటీ ముప్పావు," అని నోరు దానంతటదే అంది.

"ఒకటిన్నర. ఇది దుకాణం గాదు భాయ్."

ఒప్పుకున్నాను. ఆ ఒకటిన్నర హద్దుకు మూడు చోట్ల కొత్త వైరు అవసరమైంది. వాటిలో ఒకటి ఖాళీ ప్లాట్లు దాటి నేరుగా ఆమె వరుసకు పోతుంది. గురువారం పొద్దు గుంకేలోపు ఇద్దరం లాగేశాం.

శుక్రవారం మేం వెళ్లేసరికి డిష్ మనిషి గొడుగు లాంటి యాంటెనా చంకన పెట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. టీవీ నడుస్తోంది. బొమ్మ బాగుందా అని దోస్తు అడగబోయాడు.

"ముగ్గురు జర పక్కకు జరుగుండ్రి," అంది ఆమె తెర మీంచి కళ్లు తిప్పకుండా. "సీరియల్ వస్తుంది."