మూడు ప్రార్థనల పాకం

క్రిస్మస్ ఇంకా రెండు రోజులుందనగా, కమలాపురంలో అంగడి పెద్దసుబ్బయ్య ఇంటి పెరట్లో అరిసెలు నూనెలో విడిపోయాయి. ఒకటీ రెండూ కాదు, వేసినవన్నీ. వేసింది వేసినట్టే విచ్చుకుని, బెల్లం రంగు నురగై మూకుడంతా పరుచుకుంది. రాజ్యలక్ష్మమ్మ చిల్లుల గరిటె పట్టుకుని ఆ నురగ వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది, ఆ తర్వాత మొగుడి వైపు చూసింది. తప్పు ఎవరిదో తేల్చడానికి ఆమె ఎప్పుడూ ఈ వరుసలోనే వెతుకుతుంది.

"నేనేం చేసినా?" అన్నాడు పెద్దసుబ్బయ్య ముందుగానే.

"ఏం చెయ్యలే. అదే గదా నేను అనేది. పెండ్లయినకాడి నుంచి ఏమీ చెయ్యలే."

పెద్దసుబ్బయ్య చెప్పులేసుకుని అంగడికి పోయాడు. ముప్పైతొమ్మిదేళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే, ఎప్పుడు చెప్పులేసుకోవాలో తెలియడం.

కోడలు రమ్యశ్రీ సెల్లు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. పొద్దున పాకం పొయ్యి మీదికి ఎక్కగానే, "నేను టైము పెడతానుండత్తా, సరిగ్గా తొమ్మిది నిమిషాలు" అన్నది ఆ పిల్లే. తొమ్మిది నిమిషాలకు సెల్లు పిచ్చుక మాదిరి కిచకిచమంది, పాకం దింపారు, పిండి కలిపారు, ఇదిగో ఇట్లా తగలడింది.

"నీ సెల్లు ఎప్పుడన్నా అరిసె తినిందా?" అని అడిగింది రాజ్యలక్ష్మమ్మ. రమ్యశ్రీ సెల్లు కొంగు కింద దాచుకుంది.

అసలు కోపం కోడలి మీద కాదు, తన మీద. అరిసెల పాకం చూడటంలో ఈ ఊరు మొత్తానికీ రాజ్యలక్ష్మమ్మ పెట్టింది పేరు. మిగతా ఆడవాళ్లు నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని, పాకం బొట్టు అందులో వేసి, వేళ్లతో ఉండ చేసి చూసుకుంటారు. పాకం లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్లూడిపోతాయి. ఈ ముప్పై ఏళ్లలో రాజ్యలక్ష్మమ్మ ఏనాడూ నీళ్ల గిన్నె ముట్టలేదు. "గిన్నె పెట్టుకునేది చేతగానోళ్లు" అని పెళ్లిళ్లలో నలుగురి ముందూ అనేది. గంగాళమంత పాకమైనా ఆమె చెయ్యి దానంతటదే సరైన క్షణానికి పొయ్యి దగ్గరికి పోయేది. అది తన చేతిలో ఉన్న గుణమనుకుంది. ఇన్నేళ్లూ ఆ గర్వంతోనే బతికింది. ఇప్పుడు ఆ చెయ్యి ఎటు పోయిందో తెలియడం లేదు.

ఈ క్రిస్మస్ అరిసెలు ఎట్లా మొదలయ్యాయంటే, ఆమె కొడుకు తేజేశ్వర్ పుట్టినప్పటి నుంచి. ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు లేడు, నర్సు లేదు. ఉన్నది ఆయా మార్తమ్మ. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని నల్లబడి ఉంటే, ఆమే విప్పి, వీపు మీద చరిచి ఏడిపించింది. ఇంటికొచ్చాక రాజ్యలక్ష్మమ్మ పట్టుచీర పెట్టబోతే మార్తమ్మ వద్దంది. "చీర ఎందుకు శెట్టెమ్మా? క్రిస్మస్‌కు మా చర్చిలో అందరికీ నీ చేతి అరిసెలు పెట్టు, చాలు" అంది. ఒక్క ఏడాదికి ఒప్పుకున్న పని ముప్పై ఏళ్లు సాగింది. ఇప్పుడు చర్చిలో ఆరాధన అయ్యాక కేకు కన్నా ముందు అరిసె చేతిలో పడకపోతే పండగ అయినట్టే కాదు. బేకరీ మస్తాన్‌వలి కేకులు పంపుతాడు, పెద్దసుబ్బయ్య కొత్త చొక్కా వేసుకుని చివరి బెంచీలో కూర్చుని అందరికన్నా ఒక చరుపు వెనకగా చప్పట్లు కొడతాడు, అరిసెలు మాత్రం రాజ్యలక్ష్మమ్మవి.

మొన్న శ్రావణంలో మార్తమ్మ గుండెనొప్పితో పోయింది. మార్తమ్మ లేని మొదటి క్రిస్మస్‌కు అరిసెలు లేకపోతే ఎట్లా? ఊరేమనుకున్నా ఫరవాలేదు, మార్తమ్మ ఏమనుకుంటుంది? రాజ్యలక్ష్మమ్మకు పట్టుకున్న బాధ అదే. నానబెట్టి దంచిన పిండి ఇంకా రెండు వాయలకు ఉంది. అంటే ఇంకా రెండు పాకాలు. అవి కూడా చెడితే ఈ ఏటికి అంతే.

పొయ్యి బూడిద తీసి మళ్లీ కట్టెలు ఎగదోసింది. పొయ్యి పక్కన తమలపాకులో పసుపు గణపతి ఉన్నాడు. మూకుడు ఎక్కేముందు ఆయన్ను చేసి పెట్టడం, మొదటి అరిసె ఆయన ముందు ఉంచడం ఆమె పుట్టింటి ఆచారం. రెండోది మార్తమ్మకు. వేడివేడిగా, చేతులు మార్చుకుంటూ ఆమె తినేది. ఈసారి తన చేతకానితనం బయటపడినా సరేనని నీళ్ల గిన్నె కూడా తెచ్చి పెట్టుకుంది. రమ్యశ్రీ చూడనట్టు తల తిప్పుకుంది. అంతమాత్రం తెలివి ఆ పిల్లకు ఉంది.

బెల్లం కరిగి పాకం పొంగుతుండగా పెరటి తలుపు దగ్గర కొత్త పాస్టరు జ్ఞానరాజు వచ్చి నిలబడ్డాడు. జూన్‌లో కర్నూలు నుంచి వచ్చిన కుర్ర పాస్టరు. సన్నగా, మెడదాకా గుండీలు పెట్టుకుని, నవ్వాలా వద్దా అని ఎప్పుడూ ఆలోచిస్తున్నట్టుంటాడు.

"ఏమప్పా, రా. అరిసెల కోసమేనా? సాయంత్రం పంపిస్తా."

"దాని గురించే వచ్చినానమ్మా." పసుపు గణపతి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "మీరు తప్పుగా అనుకోవద్దు. మీ ప్రేమ మాకు తెలుసు. కానీ మొదటిది మీ దేవునికి పెడతారంట గదా? అట్లాంటివి విగ్రహార్పితం అంటారమ్మా. చర్చిలో పంచేదానికి నా మనస్సాక్షి ఒప్పుకోవడంలే."

"విగ్రహార్పితమా? అంటే ఏంది?"

"విగ్రహానికి అర్పించిన ఆహారం. బైబిల్లో పౌలు గారు దాని గురించి విపులంగా…"

"అర్పించింది ఒక్కటే గదప్పా! మిగిలినవి ఎవరికీ అర్పించలే, ఉత్త అరిసెలు. ముప్పై ఏండ్లు తినినారు మీవాళ్లు. ఎవరికన్నా కడుపునొప్పి వచ్చిందా?"

"కడుపు సంగతి కాదమ్మా, ఆత్మ సంగతి" అని జ్ఞానరాజు విపులంగా చెప్పడం మొదలుపెట్టాడు. పాపం, మర్యాదగానే చెప్పాడు. బలహీనులైన విశ్వాసులు ఉంటారన్నాడు, వాళ్లకు అభ్యంతరం కలగకూడదన్నాడు, గ్రీకు మాట ఏదో ఒకటి చెప్పాడు. ఆమె వాదించింది, ఆయన మళ్లీ చెప్పాడు, ఆమె మళ్లీ వాదించింది. వాదనలో పాకం గిన్నె వైపు చూడనే లేదు. మాడు వాసన వచ్చేసరికి పాకం గరిటెకు తీగలు సాగుతోంది. ఒక బొట్టు నీళ్లలో వేస్తే టక్కుమని రాయిలా మోగింది.

"పాయ! ముదిరిపాయ! నీ పౌలు గారు బాగుండ! రెండో పాకం గూడా పాయ!"

జ్ఞానరాజు బిత్తరపోయాడు. రాజ్యలక్ష్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, వద్దనుకున్న మాట అనేసింది. "ఒకరు ప్రేమతో చేసి పెడితే తినము అంటారా? ఎవరన్నా అట్ల అంటారా?"

అన్న మరుక్షణమే ఆమెకు గుర్తొచ్చింది. అన్నారు. తామే అన్నారు. మొదటి ఏడు మార్తమ్మ ఇంటి నుంచి కేకు తెస్తే, గుడ్డు వేశారని అత్త ముట్టలేదు. తను తీసుకున్నట్టే తీసుకుని, వెనక దొడ్లో బర్రెకు పెట్టింది. మార్తమ్మ గోడ మీది నుంచి చూసింది కూడా. మరుసటేడు గుడ్డు లేకుండా పెరుగుతో చేసి తెచ్చి, "ఇది మీ మాదిరి చేసినా శెట్టెమ్మా" అంది. అసలు గుడ్డు ఒక్కటే కారణం కాదని, కులమని ఇద్దరికీ తెలుసు. ఈ పొయ్యి కూడా అందుకే, మార్తమ్మ లోపల అడుగు పెట్టకూడదనే, పెరట్లో ఉంది. అత్త పోయి పదహారేళ్లయినా పొయ్యి వంటింట్లోకి రాలేదు. పెద్ద పాకానికి లోపల చోటు చాలదని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది.

ఆమె ముదిరిన పాకం గిన్నెను ఠపీమని కింద పెట్టేసరికి జ్ఞానరాజుకు ఇంకా భయం వేసింది. ఏం చెయ్యాలో తెలియనప్పుడు పాస్టర్లు చేసేదే ఆయనా చేశాడు. "ప్రార్థన చేద్దామమ్మా" అని కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. ఈ ఇంటి కోసం, ఈ తల్లి కష్టం కోసం, పోయిన పాకం కోసం, మండలంలో వానల కోసం, శనగ పంట కోసం.

రాజ్యలక్ష్మమ్మ ఉలిక్కిపడింది. ప్రార్థన!

ఏ పండక్కి పాకం ఎక్కించినా, పొంగడం మొదలవగానే పొయ్యికి అవతలి వైపు మార్తమ్మ నిలబడి కళ్లు మూసుకునేది. 'పరలోకమందున్న మా తండ్రీ' అని మొదలయ్యే పరలోక ప్రార్థన, మూడుసార్లు. ఒకటి చర్చికి, ఒకటి తన పిల్లలకు, ఒకటి ఈ ఇంటికి. నిదానంగా, నడుమ నడుమ దగ్గుకుంటూ, పిల్లిని అదిలించుకుంటూ. "మీ దేవునికి ఇంతసేపు చెప్పాల్నా?" అని తను విసుక్కునేది. మూడో 'ఆమేన్' పడగానే తన చెయ్యి గిన్నె దించేది. చేతి గుణమూ కాదు, మన్నూ కాదు. ముప్పై ఏళ్లు పాకం చూసింది మార్తమ్మ.

"ఏమప్పా, ఆపు! ఆమేన్ అను!"

"ఆ… ఆమేన్."

"అది కాదు నాకు కావాల్సింది. పరలోక ప్రార్థన చెప్పు. ఉండు, పాకం ఎక్కిస్తా. పొంగినాక చెప్పు."

చివరి బెల్లం గిన్నెలో పడింది. పొంగగానే ఆమె సైగ చేసింది. జ్ఞానరాజు పరలోక ప్రార్థన బస్సు పోతున్నట్టు గబగబా ఊపిరి తిప్పుకోకుండా అప్పగించి 'ఆమేన్' అన్నాడు. నిండా అర నిమిషం పట్టలేదు.

"ఎవురు తరుముతాండారు నిన్ను? ఇట్ల చెప్తే మీ దేవునికి ఏం అర్థమైతాది?" రాజ్యలక్ష్మమ్మ తల కొట్టుకుంది. "పక్కకు పో. నేనే చెప్తా."

చెప్పింది. పసుపు గణపతి పక్కన నిలబడి, నుదుటి మీద రూపాయంత బొట్టుతో, మొదటి మాట నుంచి చివరి మాట దాకా తడుముకోకుండా చెప్పింది. మార్తమ్మ ఎక్కడ దగ్గేదో అక్కడ ఆగింది. మార్తమ్మ తప్పు పలికే మాటను ఆ తప్పుతోనే పలికింది. ఒకటయింది. రెండయింది. జ్ఞానరాజు చేతులు కట్టుకుని, తెలియకుండానే తల వంచాడు.

మూడోది ఈ ఇంటికి. ఇక్కడొక తకరారుంది. మార్తమ్మ ఇంట్లోవాళ్ల పేర్లు మాత్రమే చెబితే మొదట్లో రాజ్యలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. "ఈ ఊర్లో పదిమంది సుబ్బయ్యలుండారు. గోత్రం చెప్పకపోతే ఏ సుబ్బయ్యనో మీ దేవునికి ఎట్ల తెలుస్తాది?" అని పోట్లాడింది. అప్పటి నుంచి మార్తమ్మ నవ్వుకుంటూ, "పెండ్లికుల గోత్రం పెద్దసుబ్బయ్యను, రాజ్యలక్ష్మమ్మను, వాళ్ల బిడ్డను కాపాడు తండ్రీ" అని ముప్పై ఏళ్లు చెప్పింది.

మన ఇంటికి మనమే చెప్పుకుంటే ఏం బాగుంటుంది? ఈసారి మూడోది మార్తమ్మకు చెబుదామనుకుంది రాజ్యలక్ష్మమ్మ. "తండ్రీ, మార్తమ్మను…" అని ఆగిపోయింది. ఈ ఊళ్లో ఎంతమంది మార్తమ్మలో. తన మార్తమ్మ గోత్రం? వాళ్లకు ఉండదు కదా. పోనీ ఇంటిపేరు? ఇంటిపేరేంటి? తన గోత్రం ముప్పై ఏళ్లు నోట పట్టుకున్న మనిషి ఇంటిపేరు తను ఒక్కసారీ అడగలేదు.

కళ్లు మండాయి. పొగ అనుకుందామంటే గాలి అటువైపు ఉంది. గిన్నెలో బుడగలు చిక్కబడుతున్నాయి.

"మార్తమ్మ ఇంటిపేరు ఏందప్పా?"

జ్ఞానరాజు కళ్లు చిట్లించి గుర్తు చేసుకోబోయాడు.

"మట్టి చేసినప్పుడు నువ్వే గదా రాసుకునింది! బిన్న చెప్పప్పా, పాకం ముదురుతాండాది!"

"గొడుగునూరు" అన్నాడు జ్ఞానరాజు. "గొడుగునూరు మార్తమ్మ."

"గొడుగునూరు మార్తమ్మను చల్లగా చూడు తండ్రీ" అని, మూడో ప్రార్థన మొదటి నుంచి చివరి దాకా చెప్పి, "ఆమేన్" అంది రాజ్యలక్ష్మమ్మ. ఆ మాటతోనే చెయ్యి దానంతటదే పోయి గిన్నె దించింది.

పిండి కలిపారు. రమ్యశ్రీ ఆకు మీద ఒత్తి ఇస్తే ఆమె నూనెలో వేసింది. అరిసె మునిగి, ఒక్క క్షణం ఆలోచించుకుని, గుండ్రంగా, చెక్కుచెదరకుండా పైకి తేలింది. రమ్యశ్రీ "అత్తా!" అని అరిచింది. అత్త ముక్కు తుడుచుకుంది.

మొదటిది తీసి పసుపు గణపతి ముందు పెట్టింది. పాస్టరు చూస్తుండగానే పెట్టింది, దాచుకోలేదు. రెండోది చిల్లుల గరిటెలో ఉంది. అది ఎవరికివ్వాలో తెలియక గరిటె గాల్లోనే ఆగిపోయింది.

జ్ఞానరాజు గణపతిని చూశాడు, అరిసెను చూశాడు. ఆయన మనస్సాక్షి లోపల ఏం వాదించుకుందో ఆయనకే తెలియాలి. చెయ్యి మాత్రం చాచాడు.

"ఇది ఉత్త అరిసే గదమ్మా?"

"ఉత్త అరిసె కాదు. గొడుగునూరు మార్తమ్మది."

ఆయన తీసుకుని కొరికాడు. నాలుక కాలి, చేతులు మార్చుకుంటూ అక్కడే ఎగిరాడు, అచ్చం మార్తమ్మ ఎగిరినట్టే. రాజ్యలక్ష్మమ్మ కొంగుతో కళ్లొత్తుకుని కసిరింది.

"ఊదుకొని తినప్పా! దానిగ్గూడా నేనే చెప్పాల్నా?"