ముప్పై ఏడో ఫోను

కోయిలకుంట్ల బజారు వీధిలో కన్యకమ్మ అంగడి తెలియనివాళ్లు తక్కువ. ఆమె పుట్టింది ప్రొద్దుటూరులో. పద్దెనిమిదో ఏట కేశవయ్యను పెళ్లాడి ఈ ఊరికి వచ్చింది. అప్పట్లో అది స్టీలు సామాన్ల అంగడి. పదకొండేళ్ల కిందట కేశవయ్య గుండెనొప్పితో పోతే, అంగడి అమ్మేసి ఇంటిపట్టున కూర్చోమని బంధువులంతా చెప్పారు. ఆమె వినలేదు. చెంబులు, తపేలాలు బేరమాడడానికి వచ్చిన ఆడవాళ్లు పోతూ పోతూ రీచార్జి ఎక్కడ చేస్తారని అడగడం ఆమె చెవిన పడుతూ ఉండేది. మొదట రీచార్జి పెట్టింది, తర్వాత ఫోన్లు పెట్టింది. కోడలు రమ్యశ్రీ బిల్లులు, ఆన్‌లైన్ పనులు చూసేది. ఎవరికి ఏ ఫోను సరిపోతుందో చెప్పేది మాత్రం కన్యకమ్మే. పల్లెల్లో ఫోను కొనేవాళ్లు కంపెనీ పేరు అడిగేవాళ్లు కాదు, వాళ్లు శెట్టెమ్మ అని పిలిచే ఆమె ఏది చూపిస్తే అది తీసుకునేవాళ్లు.

ఈ ఏడు ఉగాదికి ఒక కంపెనీ పెద్ద బ్యాటరీ ఫోను దించింది. ఒకసారి చార్జింగు పెడితే రెండు రోజులు వస్తుంది. పొలాల్లో తిరిగేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలని కన్యకమ్మ నోరారా చెప్పి అమ్మింది. నెల తిరిగేసరికి ముప్పై ఏడు పోయాయి.

మే నెల రెండో వారంలో రేవనూరు ఓబుళేశు వచ్చాడు. శనగ, జొన్న వేసే రైతు, గొంతు పెద్దది. వస్తూనే ఫోను తీసి గాజుబల్ల మీద పెట్టి వేలితో తోశాడు. అది బొంగరం మాదిరి గిర్రున తిరిగింది.

"చూడు శెట్టెమ్మా, ఫోన్లు ఇట్ల తిరుగుతాయా యాడన్నా?"

చేతిలోకి తీసుకుని చూసింది. వెనక పలక ఉబ్బింది. అంచు దగ్గర గోరు దూరేంత సందు. పట్టుకుంటే వెచ్చగా ఉంది.

"కింద పడేసినావా అప్పా?"

"ల్యా. చొక్కా జేబు దాటి యాడికీ పోల్యా అది."

కర్నూలు సర్వీసు సెంటరుకు పంపించింది. నాలుగు రోజులకు కాగితంతో సహా వెనక్కి వచ్చింది. బయటి ఒత్తిడి వల్ల దెబ్బతిన్నది, వారంటీ వర్తించదు అని అందులో ఉంది. ఓబుళేశుకు చదివి వినిపిస్తే అతని ముఖం కందిపోయింది.

"నేనేమన్నా దాని మీద పడుకున్న్యానా? దున్నపోతును తెచ్చి తొక్కించినానా?"

అంగడి ముందు పోయేవాళ్లు నిలబడి చూస్తున్నారు. కన్యకమ్మకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ వారంలోనే ఇంకో రెండు వచ్చాయి. అవీ గాజుబల్ల మీద అట్లాగే తిరిగాయి.

ఆమె కంపెనీ ఏరియా మేనేజరు జ్ఞానేశ్వర్‌కు ఫోను చేసింది. కర్నూలు పిల్లవాడే, మర్యాదస్థుడు, వచ్చినప్పుడల్లా ఆమె చేతి మజ్జిగ తాగి పోయేవాడు.

"తొందరపడొద్దమ్మా. కంపెనీ చూస్తాండాది. మీరు మటుకు ఎవరికీ ఏం చెప్పొద్దండి. ఒకరికి చెప్తే వందమంది మాదీ ఉబ్బిందని వస్తారు."

"ఉబ్బితే రారా నాయనా మరి?"

జ్ఞానేశ్వర్ మీటింగులో ఉన్నానని పెట్టేశాడు.

మూడో రోజు పొద్దున, ఆ ఫోనే కొన్న దొర్నిపాడు వెంకటలక్ష్మమ్మను పెద్దాసుపత్రిలో చేర్చారని తెలిసింది. కన్యకమ్మ అంగడి కోడలికి అప్పజెప్పి పోయింది. ముందురోజు మధ్యాహ్నం ఎండకు తాళలేక వెంకటలక్ష్మమ్మ బొంత పరచుకుని నడుం వాల్చిందట. దిండు పక్కనున్న ఫోను టప్పుమని పేలి బొంత అంటుకుంది. మోచేయి నుంచి మణికట్టు దాకా చర్మం ఊడి, గుడ్డ చుట్టి ఉంది.

"చార్జింగు గూడా పెట్టల్యా శెట్టెమ్మా. ఊరికే పక్కన పెట్టుకున్న్యా. మనవరాలు నా పక్కనే పండుకుంటాండె, నీళ్లు తాగను లేచి పోయింది."

కన్యకమ్మ ఆ చేయి చూసింది. ఆ ఫోను డబ్బా విప్పి, పైనున్న ప్లాస్టిక్ కాగితం ఊడదీసి, ఆ చేతిలోనే పెట్టింది తను. మంచి ఫోను, నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదు అని చెప్పింది కూడా.

అంగడికి వచ్చీ రాగానే రమ్యశ్రీని పిలిచింది.

"ఆ ఫోను కొన్నోళ్ల బిల్లులన్నీ తియ్యి. ఒక్కటీ పోగూడదు. అన్నీ వెనక్కి తెప్పిస్తాం."

రమ్యశ్రీ బిత్తరపోయింది. "అత్తా, డీలర్‌షిప్ తీసేస్తారు. కంపెనీ పరువు తీసినామని నోటీసులు పంపుతారు. వాళ్లు చేయల్సిన పని మనమెందుకు చేయల్ల?"

"వాళ్లు చేసేదాకా ఆ ఫోన్లు ఆగుతాయా?"

మెసేజి పెడదామంది కోడలు. అందరూ చదవరు, చదివినవాళ్లూ నమ్మరు అంది కన్యకమ్మ. ఒక్కొక్కరికి ఫోను చేయడం మొదలుపెట్టింది. ఇంకా బయట ఉన్నవి ముప్పై మూడు. ఆమె చెప్పే మాట ఒకటే: "నేను కన్యకమ్మను. ఆ ఫోను చార్జింగులో ఉంటే తీసెయ్. ఆఫ్ చెయ్. జేబులో వద్దు, దిండు కింద వద్దు. అరుగు మీద పెట్టు. రేపు పొద్దుటికల్లా నాకు తెచ్చియ్యి."

కొందరు ఆ రోజే వచ్చారు. కొందరు తిట్టారు. ఒకాయన, నా ఫోను బాగానే ఉండాది, ఇంకెవరికో అమ్ముకోవడానికి లాక్కుంటాండావా అన్నాడు. ఆటో దాసన్నను పంపి ఆసుపత్రిలో తీసిన వెంకటలక్ష్మమ్మ చేయి ఫోటో చూపించాక ఆయన నోరెత్తకుండా ఇచ్చేశాడు. వచ్చినవాళ్లు వట్టి చేతులతో పోకుండా అంగట్లో ఉన్న బటన్ల ఫోన్లు తీసి ఇచ్చింది, కొత్తది వచ్చేదాకా వాడుకోమని. పాత స్టీలు బేసిన్లు అటక మీద నుంచి దించి, ఇసుక పోసి, పెరట్లో ఎడం ఎడంగా పెట్టించి, వచ్చిన ప్రతి ఫోనునూ అందులో పూడ్చింది. పూడ్చే ముందు బల్ల మీద తిప్పి చూస్తే పదకొండు తిరిగాయి.

రెండు రోజుల్లో ముప్పై రెండు వచ్చాయి. ఒకటి రాలేదు.

బిల్లు మీద ఉరుకుందు అని ఉంది, కోడుమూరు పక్క పల్లె. నంబరు ఎన్నిసార్లు కొట్టినా స్విచ్ఛాఫ్. రమ్యశ్రీకే జ్ఞాపకం వచ్చింది. "గొర్రెలాయప్ప అత్తా. భుజాన గొంగడి వేసుకుని వచ్చినాడు. సంజామల పక్క పొలాల్లో మందలు కట్టినామని చెప్పినాడు."

కోతలైన పొలాల్లో ఎరువు కోసం గొర్రెల మందను నిలపడం ఇక్కడి అలవాటు. ఈ రోజు ఒక చేను, రేపు ఇంకో చేను. ఎక్కడని వెతకడం? ఎండ నలభై మూడు దాటింది. కన్యకమ్మ ఇసుక బేసిను ఒళ్లో పెట్టుకుని దాసన్న ఆటో ఎక్కింది.

సంజామల చేరేసరికి రెండైంది. కనిపించినవాళ్లనల్లా అడిగారు. ఒకరు వాగు అవతల అన్నారు, ఇంకొకరు నిన్ననే పోయినారు అన్నారు. ఆటో పోయే దారి అయిపోయాక దిగి నల్లరేగడి చేలకు అడ్డంపడి నడిచారు. నెర్రెల్లో చెప్పు ఇరుక్కుని ఒకసారి పడబోయి దాసన్న భుజం పట్టుకుంది. గంటన్నర తర్వాత దూరాన వేపచెట్టు కింద తలలు ఒకదాని కిందొకటి దూర్చుకుని నిలబడిన గొర్రెలు కనిపించాయి. అక్కడ ఒక ఆడమనిషి సంగటి ముద్ద తింటూ ఉంది. ఉరుకుందు పెండ్లాం మహాదేవమ్మ.

"మీ ఆయన యాడమ్మా? ఆయన ఫోను యాడుండాది?"

"దానికేమో కడుపొచ్చినట్ల ఉండాదమ్మా. మూడు దినాల నుంచి వెలగల్యా. చార్జింగు పెడితే వెలుగుతాదేమో అని పొద్దున్నే ఆ మోటారు రూములో పెట్టినాడు. నీడగా ఉండాదని ఆడనే పండుకున్న్యాడు."

మహాదేవమ్మ చెయ్యి చూపిన వైపు రెండు చేల అవతల రేకుల గది. కన్యకమ్మ పరుగెత్తింది. పెళ్లినాటి నుంచి ఎప్పుడూ అట్లా పరుగెత్తి ఉండదు. దాసన్న బేసిను పట్టుకుని వెనకే వచ్చాడు.

తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. రెండు చేతులా బాదింది. పలుకు లేదు. రేకుల సందులో నుంచి ఒక వాసన వస్తోంది, గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు. దాసన్న కాలితో రెండుసార్లు తన్నాక లోపల కదలిక వినిపించింది. గడియ తీసి, ఎర్రబడ్డ కళ్లతో ఉరుకుందు నిలబడ్డాడు.

"ఎవరప్పా అది?"

ఆమె అతన్ని పక్కకు తోసింది. గోడ పొడవునా శనగ పొట్టు బస్తాలు. పై బస్తా మీద ఫోను, వెనక పలక ఊడి, లోపలిది దిండు మాదిరి ఉబ్బి ఉంది. తీగ ఇంకా గోడకే ఉంది. మెయిన్ కట్ చేయమని దాసన్నకు అరిచింది. ఉరుకుందు తన ఫోను కోసం చెయ్యి చాచాడు.

"ముట్టుకోవద్దు! ఆ కట్టెతో తోయప్పా, బేసిన్లోకి."

అతనికి ఏం అర్థమైందో ఏమో, ఆమె గొంతుకే భయపడ్డాడు. మూలనున్న గొర్రెల కట్టె తీసుకుని మెల్లగా నెట్టాడు. ఫోను ఇసుకలో పడింది. దాసన్న రెండు చేతులా బేసిను ఎత్తి బయటికి నడిచాడు. పదడుగులు పోయాడో లేదో సుయ్‌మని చప్పుడు. దించేసి వెనక్కి గెంతాడు. తెల్లటి పొగ లేచింది, దాని వెంట మూరెడు మంట. ముగ్గురూ నిలబడి చూశారు. అది ఆరడానికి చాలాసేపు పట్టింది.

ఉరుకుందు నేల మీద కూలబడి, వెనక్కి తిరిగి తను పడుకున్న చోటు చూశాడు. బస్తాలకు మూడడుగులు కూడా లేదు. కన్యకమ్మ వైపు తిరిగాడు.

"దుడ్లు పెట్టి కొన్న్యా కదమ్మా. మంచి ఫోను అని నువ్వే చెప్తివి కదా."

"నేనే చెప్పినా," అంది కన్యకమ్మ. "అందుకే వచ్చినా."

ఆ మంటను దాసన్న తన ఫోనులో పట్టాడు. వాట్సాప్ గ్రూపుల్లో పెడదామంటే ఆమె ఒప్పుకోలేదు. జ్ఞానేశ్వర్ ఒక్కడికే పంపింది. సోమవారంలోగా మనిషి రాకపోతే ఇది నంద్యాలలో కలెక్టరు ముందు పెడతానని చెప్పింది.

ఆదివారమే కారు వచ్చింది. జ్ఞానేశ్వర్ వెంట బెంగళూరు నుంచి స్వర్ణలత అనే ఇంజినీరు వచ్చింది, ముప్పై ఏళ్లుంటాయి. ఆమె మాట్లాడకుండా పెరట్లో కూర్చుని బేసిన్లన్నీ తవ్వింది, నంబర్లు రాసుకుంది, ఉబ్బినవాటిని ఫోటోలు తీసింది. జ్ఞానేశ్వర్ మాత్రం ఒక కాగితం ముందుకు జరిపాడు. ఫోన్లు మారుస్తాం, కొన్నవాళ్లు సరిగ్గా వాడలేదని, ఈ సంగతి బయట మాట్లాడనని మీరు సంతకం పెడితే చాలు అన్నాడు.

"వెంకటలక్ష్మమ్మ సరిగ్గా వాడలేదా? నిద్రపోయింది నాయనా."

"అది కంపెనీ పద్ధతమ్మా. నా చేతిలో ఏముంది?"

"నీ చేతిలో ఫోను ఉండె కదా. నేను చేసినప్పుడు ఎత్తి, నిజమేనమ్మా, చార్జింగు పెట్టొద్దని అందరికీ చెప్పండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. అది కూడా చేయకపోతివి."

స్వర్ణలత లోపలికి వచ్చి చేతులు తుడుచుకుంది. కాగితం చదివి బల్ల మీద బోర్లించింది.

"ఉబ్బినవన్నీ ఒకే వారంలో తయారైనవి," అంది జ్ఞానేశ్వర్‌తో. "ఇది వాడకం తప్పు కాదు. నా రిపోర్టులో ఇదే రాస్తాను." తర్వాత కన్యకమ్మ వైపు తిరిగి, "వాళ్లకు మీరు ఏమని చెప్పారో ఆ మాటలే చెప్పండమ్మా, రాసుకుంటాను" అంది.

పన్నెండు రోజుల తర్వాత ఆ వారంలో తయారైన ఫోన్లు ఉన్నవాళ్లందరికీ కంపెనీ తెలుగులో కబురు పంపింది: చార్జింగు ఆపండి, ఆఫ్ చేయండి, దగ్గరి అంగట్లో ఇవ్వండి, కొత్తది తీసుకోండి. ముప్పై ఏడు మందికీ వేరే ఫోన్లు వచ్చాయి. ఉరుకుందు మటుకు తనకొచ్చింది వద్దన్నాడు, బటన్లదే ఉంచుకున్నాడు. వెంకటలక్ష్మమ్మ చేతి సంగతి కంపెనీ ఎక్కడా ఎత్తలేదు. ఆమె వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసింది, అది ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న రోజు కన్యకమ్మ ఆమెతో బస్సులో కర్నూలు పోయి వస్తుంది.

డీలర్‌షిప్ పోయింది. ఉత్తరంలో కారణం రాయలేదు. రెండు నెలలు అంగడి బోసిగా ఉంది, తర్వాత వేరే కంపెనీ వాళ్లు వచ్చారు. కొత్త ఫోను ఏది దించినా కన్యకమ్మ ఇప్పుడు ముందు ఒకటి తీసుకుని పదిహేను రోజులు తనే వాడుతుంది. మిద్దె మీద, ఎండలో, రేకుల షెడ్డులో చార్జింగు పెట్టి చూస్తుంది. అన్ని పరీక్షలూ అయ్యాయి కదా అని కొత్త కంపెనీ కుర్రవాడు నొచ్చుకున్నాడు.

"అయింటాయిలే నాయనా," అంది ఆమె. "అవి యాడ చేసినారో నాకు తెలీదు. నేను అమ్మేది ఈడ."