అడుగున చెయ్యి పెట్టే మనిషి

మా మామగారు పోయారన్న కబురు పత్తి మార్కెట్‌కు చేరగానే ఆయన పాత సావాసగాడొకాయన, "ఎవరు చూసిన్రు? డాక్టర్ చెప్పిండా, ఇంటోళ్లు చెప్పిన్రా?" అని అడిగారట. మాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే మామగారూ అదే అడిగేవారు.

రాయచూరులో ఆయన పత్తి కొనడం చూసినవారు మీలో కొందరైనా ఉంటారు. కల్మల నుంచో గిల్లేసూగూరు నుంచో బండి వస్తే, పైన తెల్లగా మెరిసే పత్తి వైపు చూసేవారే కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు లాగేవారు. రెండు బొటనవేళ్ల మధ్య పోగు సాగదీసి, అది తెగిన తీరు చూశాకే నోరు విప్పేవారు. కన్నకొడుకు తీసిన నమూనానైనా నమ్మరు, మళ్లీ తనే తీయాలి. "మీద అందరి సరుకు సక్కగనే ఉంటది. అడుగుల చెయ్యి పెట్టు" అనేవారు. నా పెళ్లిచూపులకు ముందు మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి మా గురించి ఆరా తీసిన మనిషి ఆయన.

అందుకే ముసలితనంలో ఆయనకొచ్చిన రోగం మా ఇంట్లో చాలాకాలం దర్జాగా తిరిగింది. కళ్లద్దాలు ఎవరో దాచారన్నారు. పాలవాడు నీళ్లు కలుపుతున్నాడన్నారు. పాలవాడి సంగతి నిజమే కావడంతో ఆయన మీద మాకు గౌరవం ఇంకా పెరిగింది. మా ఆయన నవ్వి, "నాయిన ఎప్పుడూ గింతే" అన్నారు. ఇంకో ఇంట్లో అయితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లేవారు. మేమేమో ఈ వయసులోనూ మార్కెట్ తెలివి తగ్గలేదని చుట్టాలకు చెప్పుకున్నాం.

చివరికి అనుమానం నా చాయ్ మీదికొచ్చింది. "దీంట్ల ఏం కలిపినవ్?" అన్నారు. అన్నం పళ్లెం తోసేశారు. నా చేతి తిండి మానేసి ఆయన చిక్కిపోతుంటే భయం వేసింది. కడుపు మండింది కూడా.

అల్జీమర్స్ అన్నారు డాక్టరమ్మ. మన ఒంట్లోనే పుట్టే అమైలాయిడ్ అనే ప్రొటీన్ ముక్కలు మెదడులో ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయట. ఒక కణం పంపిన కబురు అందుకోవడానికి పక్క కణం అంచున గ్రాహకాలు ఉంటాయి. ఆ ఉండలు వాటికి అంటుకుని పని చెడగొడతాయి. కొన్ని గ్రాహకాలు కణం లోపలికి జారుకుంటాయి, ఇక కబురొచ్చినా అందుకునే దిక్కుండదు. కళ్లద్దాలు తనే ఎక్కడ పెట్టారో గుర్తులేని మనిషికి, ఎవరో తీశారనుకోవడమే మిగిలింది. అయితే దొంగ ఇదేనా అని అడిగాను. దొంగతనం జరిగిన చోట దొరికింది, చేసిందీ కొంత ఉంది, కానీ ఇదొక్కటేనా అని శాస్త్రజ్ఞులకే ఇంకా అనుమానం ఉందన్నారు. మామగారు వింటే ఆ శాస్త్రజ్ఞులను మెచ్చుకునేవారు.

ఇంటికొచ్చి ఆయన పద్ధతే ఆయన మీద ప్రయోగించాను. అందరికీ కలిపి కాచిన చాయ్ గిన్నె, గరిటె, ఖాళీ గ్లాసులు ఆయన ముందు పెట్టి, "మీరే తీస్కోండి మామా" అన్నాను. నన్ను ఎగాదిగా చూశారు. గరిటె అడుగుదాకా ముంచి రెండు గ్లాసుల్లో పోశారు. నేను తాగాకే తాను తాగారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వడ్డనలు లేవు, గిన్నెలు మధ్యలో పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆయన తిన్నారు. ఆయన నేర్పిన విద్యే ఆయన్ను ఇంకొంతకాలం మాకు ఉంచింది.

చివరి రోజుల్లో నా పేరు మరిచారు, కొడుకు ముఖమూ మరిచారు. ఒక మధ్యాహ్నం దిండు మూల కుట్టు పీకి, చెయ్యి లోపలికి దూర్చి దూది లాగారు. బొటనవేళ్ల మధ్య సాగదీసి చాలాసేపు చూశారు. తర్వాత దాన్ని నా అరచేతిలో పెట్టారు.

"నాకు సమజైతలేదు బిడ్డా. నువ్వు చూసి చెప్పు."

నేనూ సాగదీసి చూశాను. మంచి సరుకేనని చెప్పాను. ఆయన తలూపారు. మళ్లీ తనే తీసి చూడలేదు.

అది నా మీద నమ్మకమా, లేక అనుమానించే శక్తిని కూడా రోగం పట్టుకుపోయిందా? ఆయన పోయినప్పటి నుంచి ఈ అనుమానం నాది. దిండు ఆ మంచం మీదే ఉంది. మూల నేను కుట్టలేదు. లోపల దూదిలో ఆయన చెయ్యి పట్టేంత గుంట అలాగే ఉంది.