మేము చూడని ఆఖరి రీలు

నా చిన్నప్పుడు మా అత్త చెప్పిన ఒక సినిమా కథను ఆధారం చేసుకుని నేను చాలాకాలం మంచి పేరు తెచ్చుకున్నాను. పంతులుగా ఏ బడిలో పనిచేసినా, ప్రార్థన అయ్యాక పిల్లలకు ఆ సంగతి చెప్పేవాణ్ణి. తొమ్మిదేళ్ళ వయసులో నేను పెద్దవాళ్ళందరి ముందు నిలబడి ఒక అబద్ధాన్ని ఎలా బయటపెట్టానో వివరించి, నిజం చెప్పడానికి వయసుతో పనిలేదని ముగించేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. అందులో నేను కావాలని వదిలేసిన సంగతులు ఉన్నాయి. ఆ కథ విన్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయి ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళలో కొందరైనా చదువుతారని ఇది రాస్తున్నాను.

మాది పాకాల దగ్గర పల్లె. మా నాయనకు అక్క అయిన అత్త మా ఇంట్లోనే ఉండేది. అప్పుడప్పుడు చింతపండు గంపతో రైలెక్కి తిరుపతి పోయి, అమ్ముడయ్యాక మ్యాట్నీ చూసి, సాయంత్రం ప్యాసింజరుకు తిరిగి వచ్చేది. వానలకు ముందు మా ఇంటి పంచలో విత్తనానికి చెనక్కాయలు, అంటే వేరుశనగ కాయలు, ఒలిచేవారు. వీధిలోని ఆడవాళ్ళందరూ చాటలు పట్టుకుని వచ్చి కూర్చునేవారు. రోజంతా ఒలిస్తే బొటనవేళ్ళు వాచిపోయేవి. ఆ నొప్పి తెలియకుండా అత్త తాను చూసొచ్చిన సినిమా చెప్పేది. హీరో గొంతు, విలన్ గొంతు, మధ్యలో పాటలు అన్నీ ఆమే. థియేటరు గడప తొక్కని వాళ్ళు కూడా మా ఊళ్ళో సినిమాల గురించి వాదించుకునేవారంటే అది అత్త వల్లే.

మా పక్కింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. ఆమెకు భర్త లేడు, ఒక్కడే కొడుకు. మేమంతా అన్నా అని పిలిచేవాళ్ళం. మంచివాడు, నాకు గాలిపటాలు చేసి ఇచ్చేవాడు. ఉన్నట్టుండి తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు వాళ్ళ గడ్డివామికే నిప్పు పెట్టి, ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. పెద్దమ్మ మరుదులు అతణ్ణి కాట్పాడి దాటి ఎక్కడో దూరంగా ఉన్న పిచ్చాసుపత్రిలో చేర్పించి వచ్చారు. రెండేళ్ళు గడిచాయి. ఆ ఎండాకాలంలో అటు పోయొచ్చిన మా ఊరి మనిషి ఒకడు కబురు తెచ్చాడు. పిల్లవాడికి నయమైందని, ఇంటివాళ్ళు వస్తే పంపిస్తామని డాక్టర్లు అంటున్నారని.

మరుదులు ఒప్పుకోలేదు. “మళ్ళా తెచ్చి ఊరంతా కాల్పిస్తావా వదినా?” అన్నారు. పెద్దమ్మకు చదువు లేదు. పాకాల దాటి ఒంటరిగా ఎన్నడూ పోలేదు. పోవాలా వద్దా అని పొద్దున్నా సాయంత్రం మా అమ్మను అడిగేది. “నీ ఇష్టమక్కా” అనేది అమ్మ.

అలాంటి రోజుల్లోనే అత్త నన్ను వెంటబెట్టుకుని తిరుపతి పోయింది. మళ్ళీ ఆడిస్తున్న పాత నలుపు తెలుపు సినిమా అది. కథంతా పిచ్చాసుపత్రిలోనే జరుగుతుంది. ఒక దర్జీ ఉన్నట్టుండి కొట్లో ఉన్న బట్టలన్నీ కత్తిరించి పోగులు పెడతాడు. అన్నదమ్ములు తెచ్చి ఆసుపత్రిలో వదిలేస్తారు. అక్కడ అతను ఎవరితోనూ మాట్లాడడు. తోటి రోగుల చొక్కాలకు ఊడిన గుండీలు మాత్రం కుడుతూ ఉంటాడు. ఆఖరుకు వచ్చేసరికి అతణ్ణి మంచానికి కట్టి తలకు కరెంటు పెట్టారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అప్పుడే అత్త నా చెయ్యి పట్టి లేపింది. ప్యాసింజరు తప్పిపోతే ఆ రోజుకు ఇల్లు చేరలేము. స్టేషను దాకా పరుగెత్తాము.

రైలు చంద్రగిరి దాటింది. అప్పుడు అత్త అడిగింది, “ఇంగ ఏమైంటాదిరా అబ్బోడా?”

“సచ్చిపోయింటాడు” అన్నాను.

“నోరు మూసుకోరా. ఎవురో ఒకరు వచ్చుంటారు.”

మరునాడు పంచలో కథ మొదలైంది. కాసేపటికే ఒకామె, “ఏం వదినా, ఈ తూరి పాటల్లేవా?” అంది. “పిచ్చాసుపత్రిలో పాటలెవురు పాడతారే, నీ మొగుడొచ్చి పాడతాడా?” అంది అత్త. అందరూ నవ్వారు. ఆ తర్వాత నవ్వులు లేవు. పెద్దమ్మ గోడవారగా కూర్చుని ఒలుస్తోంది. అత్త కరెంటు మాట ఎత్తనే లేదు. దర్జీకి తల్లి ఉన్నట్టు, ఆమె కొడుకును వెతుక్కుంటూ బయల్దేరినట్టు చెప్పింది. సినిమాలో తల్లి లేదు.

“ఆయమ్మ గేటు కాడికి పొయ్యింది. నా బిడ్డను నాకియ్యండి అన్నింది. వాడు సూసినాడు. అమ్మా, ఆకలిగా ఉండాది అన్నాడు. అంతే. తోడుకోని ఇంటికొచ్చేసింది.”

పెద్దమ్మ చేతులు ఆగాయి. “ఒకతే పొయ్యిందా?”

“ఒకతే పొయ్యింది.”

“దారెట్ల తెలిసింది మే?”

“అడుక్కుంటా పొయ్యింది. నోరుండాది గదా.”

పెద్దమ్మ చాట కింద పెట్టి, “అయితే నేనూ పోతా. బేస్తవారం పోతా” అంది. రెండేళ్ళలో ఆమె ముఖం అలా వెలిగి ఉండగా నేను చూడలేదు. పక్కనున్నామె ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

ఆ సినిమా నేను కూడా చూశాను కదా, నన్ను ఎవరూ అడగలేదే అన్న ఉక్రోషం నాది. అంతకుమించి నాలో ఏ సత్యనిష్ఠా లేదు. లేచి నిలబడి, “అంతా అబద్ధం. వానికి అమ్మే లేదు. మేము ఆఖరు సూడనే లేదు, రైలుకు వచ్చేసినాము” అని అరిచాను.

“గమ్మునుండరా” అంది అత్త. ఆమె గొంతులోని బతిమాలడం నాకు తెలిసింది. అయినా ఆగలేదు.

“మరి నువ్వేం సూసినావు నాయనా?” అని పెద్దమ్మ అడిగింది.

చెప్పాను. నోట్లో గుడ్డ కుక్కడం, చేతులు కట్టడం, కరెంటు. చెప్పి ఊరుకోలేదు, పొట్టు మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు తెరిచి, ఒళ్ళు ఎగరేసి చూపించాను. ఒకరిద్దరు నవ్వారు కూడా. బడిలో చెప్పే కథలో ఈ భాగం నేను ఏనాడూ చెప్పలేదు.

పెద్దమ్మ తన చాట తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. “ఇన్ని దినాలూ చెప్పినవన్నీ ఇట్లాంటివేనా వదినా?” అని అత్తను నిలదీశారు. “మీ ఇంట్లో హరిశ్చంద్రుడు పుట్టినాడు” అని నన్ను మెచ్చుకున్నారు. నాకు సంతోషంగానే ఉంది. అత్త ఆ తర్వాత ఎవరికీ సినిమా చెప్పలేదు. చెప్పమని అడిగినవాళ్ళూ లేరు.

బేస్తవారం పొద్దున పెద్దమ్మ ఇంటి ముందు కసువు ఊడుస్తూ కనిపించింది. బిడ్డను అలా కట్టేసి ఉండగా తన కళ్ళతో చూడలేనని మా అమ్మతో చెప్పిందట. మళ్ళీ పండగలు అయ్యాక చూద్దామని, కోతలు అయ్యాక చూద్దామని సంవత్సరాలు గడిచాయి. అన్న తిరిగి రాలేదు. అక్కడే పోయాడని కబురు వచ్చేసరికి అంత్యక్రియలు కూడా అయిపోయాయి. పెద్దమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికింది. నేను కనిపిస్తే బాగా చదువుకోమనేది. నన్ను ఒక్క మాట అనలేదు.

మొన్న ఎండాకాలంలో ఆ సినిమా నా ఫోనులో దొరికింది. మొత్తం చూశాను. పెద్ద సినిమా అని చాలామంది చెప్పుకుంటారు గానీ, ఇప్పుడు చూస్తే కొంత నవ్వొస్తుంది. రోగుల వేషం వేసినవాళ్ళందరూ కళ్ళు తిప్పుతారు. డాక్టరు స్టేజి మీద నాటకంలో లాగా ఉపన్యాసాలు ఇస్తాడు. దర్జీ వేసినతను మాత్రం నటించినట్టే ఉండడు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు అతని వేళ్ళు చూస్తే చాలు.

మేము లేచి వచ్చిన చోటు తర్వాత సినిమా ఇంకా ఉంది. కరెంటు పెట్టాక దర్జీ నిద్రపోతాడు. లేచి దారం కావాలని అడుగుతాడు. అదే అతని మొదటి మాట. రోజులు గడిచి నయమవుతుంది. ఇంటికి కబురు పంపామని డాక్టరు చెబుతాడు. దర్జీ ఉతికిన చొక్కా వేసుకుని, మూట ఒళ్ళో పెట్టుకుని గేటు పక్క బెంచీ మీద కూర్చుంటాడు. ఎవరెవరివాళ్ళో వస్తారు, పోతారు. పొద్దు పోతుంది. కాపలావాడు గేటు మూస్తాడు. దర్జీ లేచి లోపలికి పోయి కుట్టుమిషను ముందు కూర్చుంటాడు. తిరుగుతున్న చక్రం మీద శుభం అని పడుతుంది.

ఫోను పక్కన పెట్టలేక అలాగే పట్టుకుని ఉండిపోయాను. ఆ ఆఖరు విని ఉంటే పెద్దమ్మ బేస్తవారం దాకా కూడా ఆగేది కాదు. నేను చూపించిన మంచమే ఆమెకు ఆఖరు అయింది. అక్కడ అన్న కూడా గేటు పక్కన అలాగే ఎన్ని సాయంత్రాలు కూర్చున్నాడో నాకు తెలియదు.

అత్త ఇప్పుడు తిరుపతిలో మా చెల్లెలి ఇంట్లో ఉంది. చూపు సరిగా లేదు. పోయి పక్కన కూర్చుని, ఆ సినిమా ఆఖరు మొత్తం చెప్పాను. శ్రద్ధగా వింది.

“ఎవురూ రాలేదా?” అంది.

“రాలేదత్తా. నాదే తప్పు. ఆ పొద్దు నేను నోరు తెరవకుండా ఉండాల్సింది.”

అత్త నా చెయ్యి తడిమి పట్టుకుంది. తర్వాత, “నీదొకటే యాడరా” అంది. “నేను మాత్రం ఆమెకు సినిమా చెప్తా కూర్చున్నా. పా అక్కా, నేనొస్తా, ఇద్దరం పోదాం అంటే సరిపొయ్యేది గదా. చింతపండుకు పోలా నేను రైలెక్కి?”

బడిలో నేను పిల్లలకు నేర్పినదంతా ఆ మాట ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది. పంచలో ఆ రోజు వీధి వీధంతా ఉంది. మా అమ్మ ఉంది. వాకిట్లో మా నాయన పగ్గం పేనుకుంటూ అంతా విన్నాడు. నేనొస్తా అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. పాకాల నుంచి కాట్పాడికి రైలు రోజూ పోయేది.